మిశ్రమ ఉప్పు స్ఫటికాల్ని ఎక్స్‌రేతో చదవడం ఎలా: కోనసీమలో చేసిన పద్ధతి

ఈ ప్రయోగం జూలైలో మొదలుపెట్టకండి. పద్ధతి చెప్పకముందే ఈ మాట ఎందుకంటే నేను చేసిన మొదటి తప్పు అదే. బీకర్లో ఉప్పు ద్రావణం పోసి, పైన ఫిల్టర్ పేపరు కట్టి, స్ఫటికాలు ఎప్పుడొస్తాయా అని పదిహేను రోజులు చూశాను. నీళ్లు తగ్గలేదు సరికదా, పెన్నుతో గీత పెట్టిన చోటు నుంచి కాస్త పైకొచ్చాయి. ముసురు పట్టిన రోజుల్లో కోనసీమ గాలిలో తేమ 85 శాతం దాటడం మామూలే. పొటాషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం సుమారు 84 శాతం తేమ దగ్గర గాలితో సరితూగుతుంది. అది దాటితే బీకరే గాల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించండి. ప్రాజెక్టు గడువు వానాకాలంలోనే పడితే దానికీ ఒక దారి ఉంది, కింద చెబుతాను.

డిగ్రీ చివరి ఏడాదో పీజీయో చదువుతూ "మిశ్రమ స్ఫటికాల ఎక్స్‌రే అధ్యయనం" అని ప్రాజెక్టు పేరు రాసుకుని, ఎక్కడ మొదలెట్టాలో తెలియక కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తోట, గుంటలు, మొక్కలు

రావులపాలెం నుంచి అమలాపురం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొబ్బరితోటల్ని చూడండి. చాలాసేపు మొద్దులన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. బస్సు ఒక కోణానికి రాగానే వరసలు చటుక్కున విచ్చుకుని, తోట అవతలి గట్టు దాకా దారి తెరుచుకుంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే మళ్లీ మూసుకుపోయి, మరో కోణంలో ఏటవాలు వరసలు తెరుచుకుంటాయి. స్ఫటికంలో అయాన్ల వరసలూ అంతే. కొబ్బరికి ఎడం పాతిక అడుగులైతే వీటికి ఎడం మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. వెలుగు జాతి కిరణాల్లో ఆ ఎడానికి తగిన అలపొడవున్నది ఎక్స్‌రే. ఏ కోణంలో కిరణాలు గట్టిగా వెనక్కి వస్తాయో చూసి, ఎడం ఎంతో లెక్క కట్టేస్తాం. లారెన్స్ బ్రాగ్ అనే శాస్త్రవేత్త 1912లో చెప్పిన సూత్రం ఇదే: లాంబ్డా = 2 × డి × సైన్ తీటా. ఇందులో లాంబ్డా ఎక్స్‌రే అలపొడవు, డి వరసల మధ్య ఎడం, తీటా ఆ వరసలకి కిరణం తగిలే కోణం. మరుసటి ఏడాది ఆయన ఈ సూత్రంతో నిర్మాణం తేల్చిన మొదటి పదార్థాల్లో మన వంటింటి ఉప్పూ, పొటాషియం క్లోరైడూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు తేడా. ఒక గట్టుకి అటు దేశవాళీ తోట, ఇటు గంగబొండం తోట ఉంటే అవి రెండు తోటలు. దేని ఎడం దానిది. ఉప్పుల్లో దీన్ని మిశ్రమం అంటాం. ఎక్స్‌రే పట్టీలో, అంటే ఏ కోణంలో కిరణాలు ఎంత బలంగా వచ్చాయో చూపే గ్రాఫులో, రెండు జట్ల పీకులు (శిఖరాలు) వస్తాయి. అలా కాక ఒకే తోటలో, ఒకే గుంటల వరసలో, కొన్ని గుంటల్లో దేశవాళీ, కొన్నింట్లో గంగబొండం నాటితే అది ఒకటే తోట. మిశ్రమ స్ఫటికం ఇలాంటిది. పీకులు ఒక్క జట్టే వస్తాయి, అదీ రెండు శుద్ధ ఉప్పుల పీకులకి మధ్యలో ఎక్కడో. ఆ 'ఎక్కడో' కచ్చితంగా ఎక్కడో చెప్పడమే మీ ప్రాజెక్టు.

ఉప్పుల ఎంపిక

పొటాషియం క్లోరైడ్, పొటాషియం బ్రోమైడ్ తీసుకోండి. ల్యాబుల్లో అనే కేసీఎల్, కేబీఆర్ ఇవే. క్లోరైడ్ అయాన్ వ్యాసార్థం 1.81 ఆంగ్‌స్ట్రామ్‌లు, బ్రోమైడ్‌ది 1.96. తేడా 8 శాతమే కాబట్టి ఒకరి గుంటలో ఇంకొకరు ఇమిడిపోతారు. లార్స్ వెగార్డ్ అనే నార్వే శాస్త్రవేత్త 1921లో తన పేరున్న నియమాన్ని చెప్పింది కూడా ఈ జంటని చూసే. స్ఫటికంలో ఒక ఉప్పు పాలు పెరిగేకొద్దీ జాలకం కొలత (స్ఫటికంలో తిరిగి తిరిగి వచ్చే చిన్న ఘనం అంచు పొడవు) కూడా అదే నిష్పత్తిలో, తిన్నగా గీత గీసినట్టు మారుతుందన్నాడాయన.

"సముద్రపు ఉప్పు ఊరికే దొరుకుతుంది కదా, సోడియం క్లోరైడుతో చేయకూడదా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. సోడియం అయాన్ 1.02, పొటాషియం 1.38. తేడా 35 శాతం. సుమారు 500 డిగ్రీలు దాటిన వేడిలో అవి కలిసే ఉంటాయి గానీ గది వేడిలో విడిపోతాయి. నీళ్లలోంచి ఆరబెడితే వేటికవే గింజకడతాయి. అయితే మిశ్రమం ఎలా కనిపిస్తుందో చూడ్డానికి ఇది మంచి నమూనా. షాపులో లో సోడియం ఉప్పు ప్యాకెట్ కొని, చిటికెడు నూరి పట్టీ తీయించండి. 28.3 డిగ్రీల దగ్గర పొటాషియం క్లోరైడు పీకు, 31.7 దగ్గర సోడియం క్లోరైడు పీకు (పట్టీలో కోణాల్ని టూ తీటాలో, అంటే తీటాకి రెట్టింపుగా రాస్తారు), ఒకదానితో ఒకటి మాట్లాడుకోని పక్కింటివాళ్లలా నిలబడి ఉంటాయి.

ద్రావణం, స్ఫటికం

ఐదు బీకర్లు పెట్టుకోండి. ఒకటి శుద్ధ కేసీఎల్, ఒకటి శుద్ధ కేబీఆర్. మిగతా మూడింట్లో బ్రోమైడ్ పాలు మోల్ లెక్కన 25, 50, 75 శాతం. ఒక్కో బీకర్లో మొత్తం 0.2 మోల్, డిస్టిల్డ్ వాటర్ 50 మిల్లీలీటర్లు. సగం సగం బీకరుకి కేసీఎల్ 7.455 గ్రాములు, కేబీఆర్ 11.90 గ్రాములు వస్తుంది. 25 శాతానికి కేసీఎల్ 11.18, కేబీఆర్ 5.95. 75 శాతానికి కేసీఎల్ 3.73, కేబీఆర్ 17.85. గ్రాముల్లో సగం సగం తూచి "50 శాతం" అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, చూసుకోండి. కొద్దిగా వేడి చేసి కరిగించి, వడకట్టి, ఫిల్టర్ పేపరుకి గుండుసూదితో నాలుగు బెజ్జాలు పెట్టి మూత కట్టండి. కదపని చోట ఉంచండి, ఫ్యాను కింద వద్దు.

వానాకాలంలో తప్పదనుకుంటే, కోడిగుడ్లు పొదిగించే పెట్టెలాంటిది తయారుచేసుకోండి. చెక్కపెట్టె, లోపల 40 వాట్ల పాత రకం బల్బు, పైన గాలి పోవడానికి కంత. ఎల్‌ఈడీ పనికిరాదు, అది వేడెక్కదు. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి 40 డిగ్రీలకి వేడెక్కితే తేమ 50 శాతం దగ్గరికి పడిపోతుంది. అప్పుడు ద్రావణం ఆరుతుంది. కరెంటు పోయిన రాత్రి కొంత నష్టం తప్పదు.

స్ఫటికాల్ని ఒకేసారి తీసి కలిపేయకండి. కేసీఎల్ నీళ్లలో తక్కువ కరుగుతుంది కాబట్టి ముందు అదే ఎక్కువగా గింజకడుతుంది. బ్రోమైడ్ ద్రావణంలో వెనకబడి, చివరి రోజుల్లో వచ్చే స్ఫటికాల్లో ఎక్కువ చేరుతుంది. అందుకని కొబ్బరి దింపు లెక్క రాసినట్టు 'మొదటి దింపు, ఫలానా తేదీ', 'రెండో దింపు' అని వేర్వేరు సీసాల్లో వేసి చీటీ అంటించండి. మీరు బీకర్లో తూచి వేసిన అంకె వేరు, స్ఫటికంలో ఉన్న అంకె వేరు. ఈ ప్రాజెక్టులో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి.

తీసిన స్ఫటికాల్ని నీళ్లతో కడగొద్దు. ఫిల్టర్ పేపరు మీద దొర్లించి, అంటుకున్న ద్రావణాన్ని అద్దండి. అది అలాగే ఆరితే పైన బ్రోమైడ్ ఎక్కువున్న పొర పేరుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు. చల్లారేది మాత్రం డెసికేటర్లోనే (తేమ చొరబడని మూత పాత్ర). అది లేకపోతే మూత బిగుతుగా పట్టే డబ్బాలో నీలం సిలికా జెల్ పరిచి వాడండి. గులాబీరంగుకి తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే, మళ్లీ ఓవెన్‌లో పెట్టాలి.

నూరడం

అగేట్ కల్వంలో నూరండి. పింగాణీ కల్వం అరిగి తన పొడిని కూడా కలుపుతుంది. ఎంత మెత్తగా అంటే, రెండు వేళ్ల మధ్య రుద్దితే ముగ్గుపిండిలా గరుకు తగలకూడదు, విభూతిలా జారిపోవాలి. అరగ్రాము నూరడానికి పావుగంట పడుతుంది. తేమ లేని పూట నూరండి, ఏసీ గది దొరికితే మరీ మంచిది.

ఈ జాతి ఉప్పు పగిలితే చిన్న చిన్న ఘనాలుగా పగులుతుంది. గరుకు పొడిని పళ్లెంలో వేసి గాజుపలకతో అదిమితే ఆ ఘనాలన్నీ పేకముక్కల్లా ఒకే ముఖం పైకి పెట్టి పడుకుంటాయి. అప్పుడు 200 అనే పీకు ఆకాశానికి పోతుంది, దాని వెనకే 400. (200, 111, 420 లాంటివి కోణాలు కావు, ఆ పీకు స్ఫటికంలో ఏ వరసల నుంచి వచ్చిందో చెప్పే పేర్లు.) మిగతావి నేలచూపులు చూస్తాయి. "మా నమూనాలో 200 తలం ప్రత్యేకంగా పెరిగింది" అని థీసిసుల్లో రాసే వాక్యానికి చాలాసార్లు గాజుపలకే కారణం. పొడిని వెనకవైపు నుంచి నింపే పళ్లెం ఉంటే అదే అడగండి.

పరికరం దగ్గర

ఎక్స్‌రే పట్టీ తీసే పరికరం, డిఫ్రాక్టోమీటర్, మన కాలేజీల్లో సాధారణంగా ఉండదు. విశ్వవిద్యాలయాల్లో నమూనాకి ఇంత అని రుసుము తీసుకుని తీసి ఇచ్చే పరికరశాలలు ఉంటాయి. వీలైతే మనిషే వెళ్లండి. ఒక ఏడాది పార్సిల్లో పంపితే వాన తడికి పొడి కాస్తా ముద్దయింది, అవతల ఆపరేటర్ దాన్నే పళ్లేనికి పూసి పట్టీ తీసి పంపాడు. పంపక తప్పకపోతే చిన్న సీసాలో పొడి, మూతకి టేపు, ఆ సీసా సిలికా జెల్ ఉన్న ఇంకో సీసాలో.

ఆపరేటర్ని అడగాల్సినవి ఇవి: రాగి ట్యూబు, 40 కిలోవోల్టులు, టూ తీటా 20 నుంచి 80 దాకా, అడుగు 0.02 డిగ్రీ, అడుగుకి ఒక సెకను. మొత్తం 3000 అడుగులు, అంటే 50 నిమిషాలు. "పది నిమిషాల్లో తీసేస్తాను" అంటే మర్యాదగా వద్దనండి. పరికరం తలుపు మూసుంటేనే కిరణాలు వస్తాయి, కాబట్టి పక్కన నిలబడ్డానికి భయపడక్కర్లేదు. తలుపు తాళాల జోలికి మాత్రం వెళ్లకండి.

పొడి ఉపరితలం పళ్లెం అంచుకి సరిసమానంగా ఉండాలి, ఎచ్చుతగ్గులుంటే లెక్క చెడుతుంది. గోనియోమీటర్ (పరికరంలో కోణం కొలిచే చక్రం) వ్యాసార్థం 200 మిల్లీమీటర్లనుకుంటే, పొడి 0.1 మిల్లీమీటర్ కిందికి ఉన్నా చిన్న కోణాల దగ్గర పీకులు దాదాపు 0.06 డిగ్రీ ఎడమకి జరుగుతాయి. 200 పీకు మీద ఆధారపడితే బ్రోమైడ్ పాలు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. విరుగుడుగా నమూనాలో పదో వంతు సిలికాన్ పొడి కలపండి. దాని పీకులు ఎక్కడ రావాలో ముందే తెలుసు: 28.44, 47.30, 56.12, 69.13. ఎంత జరిగాయో చూసి మీవి కూడా అంత సరిదిద్దుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. 28.44 పీకు కేసీఎల్ 28.34 పీకు మీద ఎక్కి కూర్చుంటుంది. దాన్ని వదిలేసి 47.30, 69.13 వాడండి.

పట్టీ చదవడం

ముందు రెండు శుద్ధ ఉప్పుల పట్టీలు చూడండి. కేసీఎల్: 28.3, 40.5, 50.2, 58.6, 66.4. కేబీఆర్: 23.3, 27.0, 38.6, 45.6, 47.7, 55.7, 62.9. ప్రతి పీకుకీ సైన్ తీటా వర్గం కట్టి నిష్పత్తులు తీస్తే కేబీఆర్‌కి 3, 4, 8, 11, 12, 16, 20 వస్తుంది. ముఖకేంద్రిత ఘనం (మూలల్లోనే కాక ముఖాల మధ్యలో కూడా అదే అయాన్ ఉండే అమరిక) గుర్తు ఇదే. కేసీఎల్‌కి మాత్రం 1, 2, 3, 4, 5 అని వచ్చి మామూలు ఘనంలా కనిపిస్తుంది. కంగారుపడకండి. పొటాషియం అయాన్‌లో 18 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్‌లోనూ 18. ఎక్స్‌రే కంటికి రెండూ ఇంచుమించు కవలలే, ఏది ఏదో పోల్చుకోలేదు. అందుకే 111 లాంటి బేసి అంకెల పీకులు దాదాపు చచ్చిపోతాయి. బ్రోమైడ్‌లో 36 ఎలక్ట్రాన్లు ఉండేసరికి పీకు బతికొస్తుంది.

మిశ్రమ స్ఫటికంలో ఈ పీకుని తీరిగ్గా చూడండి. 45 శాతం బ్రోమైడ్ ఉందనుకుంటే, ఒక్కో గుంటలో సగటున 26 ఎలక్ట్రాన్లు. పొటాషియం 18తో తేడా 8. కాబట్టి 24 డిగ్రీల దగ్గర చిన్న గుబ్బలా 111 తలెత్తుతుంది. ఐదు పట్టీల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటే, నేల మీంచి మొలక లేచినట్టు అది మెల్లగా పైకి రావడం కంటికే కనిపిస్తుంది. కంప్యూటర్ లెక్కకి ముందు నేను పిల్లలకి చూపించేది ఇదే.

ఇక లెక్క. సగం సగం బీకరు మొదటి దింపులో 420 పీకు, సరిదిద్దాక, 64.79 దగ్గర వచ్చిందనుకుందాం. తీటా 32.395. సైన్ 0.5358. రాగి ఎక్స్‌రే అలపొడవు 1.5406ని దీని రెట్టింపుతో భాగిస్తే డి 1.4378 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్ని 20 వర్గమూలంతో గుణిస్తే జాలకం కొలత 6.430. శుద్ధ కేసీఎల్‌ది 6.293, కేబీఆర్‌ది 6.600. తేడా 0.307లో మనం 0.137 ముందుకొచ్చాం. అంటే 0.446, దాదాపు 45 శాతం బ్రోమైడ్. తూచి వేసింది 50. మిగిలింది బీకర్లోనే ఉంది.

200 ఎత్తుగా, అందంగా కనిపిస్తుంటే 420 ఎందుకంటారా? పీకు చోటు చదవడంలో 0.02 డిగ్రీ పొరపాటు జరిగితే 200 దగ్గర కూర్పులో ఒకటిన్నర శాతం తప్పు వస్తుంది. అదే పొరపాటుకి 420 దగ్గర వచ్చేది 0.6 శాతమే. ఇంకా జాగ్రత్త కావాలంటే అన్ని పీకుల నుంచీ జాలకం కొలత కట్టి, నెల్సన్–రైలీ ఫంక్షన్‌కి (కోణంతో మారే తప్పుల్ని సరిదిద్దడానికి వాడే లెక్క) ఎదురుగా గ్రాఫు గీసి, సున్నా దగ్గర గీత ఎక్కడ తాకుతుందో చదవండి.

పెద్ద కోణాలతో ఒక ప్రమాదం ఉంది. నా పీజీ రోజుల్లో 420 పీకు రెండుగా చీలి కనిపిస్తే "రెండు ఫేజులు ఏర్పడ్డాయి" అని, అంటే రెండు వేర్వేరు కూర్పుల స్ఫటికాలు వచ్చాయని, రెండు పేజీలు రాశాను. వైవాలో ఎగ్జామినర్ పట్టీని అటూ ఇటూ తిప్పి, "మరి 200 ఎందుకు చీలలేదు బాబూ?" అన్నారు. రాగి ట్యూబు నుంచి వచ్చే కిరణం నిజానికి రెండు అలపొడవుల జంట, 1.5406, 1.5444. 65 డిగ్రీల దగ్గర వీటి మధ్య ఎడం 0.18 డిగ్రీ, 28 దగ్గర 0.07 మాత్రమే. కుడివైపుది ఎడమదానిలో సగం ఎత్తు ఉండి, కోణం పెరిగేకొద్దీ దూరం జరుగుతుంటే అది ఆ జంటే. ఎడమదాన్నే కొలవండి. నిజంగా రెండు ఫేజులుంటే చిన్న కోణాల దగ్గర కూడా ఆ ఛాయ కనిపిస్తుంది. చీలకుండా పీకు ఊరికే లావెక్కితే, స్ఫటికం లోపలికీ పైకీ కూర్పు తేడాగా ఉందని, అంటే దింపులు కలిసిపోయాయని అనుమానించండి.

వెగార్డ్ నియమాన్ని "రుజువు" చేసేముందు

పైన మనం కూర్పు కనుక్కున్నది వెగార్డ్ నియమం నిజమని నమ్మి. ఆ కూర్పునే అడ్డంగా, జాలకం కొలతని నిలువుగా వేసి గ్రాఫు గీస్తే గీత తిన్నగానే వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది! అయినా "వెగార్డ్ నియమం రుజువైంది" అని రాసిన ప్రాజెక్టులు నా బల్ల మీదకి ఏటా వస్తూనే ఉంటాయి. తూచి వేసిన అంకెలు వాడినా తప్పే, కారణం దింపుల దగ్గర చెప్పాను. కూర్పుని ఎక్స్‌రేతో సంబంధం లేని దారిలో కొలవాలి.

దానికి బ్యూరెట్ చాలు. ఎక్స్‌రేకి వాడిన పొడిలోంచే, సిలికాన్ కలపకముందు, 0.2000 గ్రాములు తూచి నీళ్లలో కరిగించి, పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేయండి. పసుపు మీద ఇటుకరంగు నిలిచేదాకా. 21.2 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. అంటే 0.00212 మోల్ హాలైడ్. 0.2000ని దాంతో భాగిస్తే సగటు అణుభారం 94.34. కేసీఎల్‌ది 74.55, కేబీఆర్‌ది 119.00. 94.34లోంచి 74.55 తీసేసి 44.45తో భాగిస్తే 0.445. ఎక్స్‌రే చెప్పింది 0.446. ఇలా మూడు బీకర్ల అన్ని దింపులకీ చేసి, టైట్రేషన్ కూర్పుకి ఎదురుగా ఎక్స్‌రే కొలత వేయండి. ఇప్పుడు గీత తిన్నగా వస్తే దానికి విలువుంటుంది. క్రోమేట్ విషం. ఆ మిగులు నీళ్లు సింకులో పోస్తే తిరిగి తిరిగి చేరేది పంట కాలువలోకే, విడిగా సీసాలో పట్టి పెట్టండి. సిల్వర్ నైట్రేట్ వేళ్లకి అంటితే వారం దాకా నల్లమచ్చ పోదు, ఖరీదూ ఎక్కువే.

తీరిక ఉంటే: ఉప్పుమడి నమూనా

కాకినాడ వైపు ఉప్పుమడుల నుంచి కడగని ఉప్పు గుప్పెడు తెచ్చుకోండి. సముద్రపు నీరు ఆరేటప్పుడు జిప్సం ముందు దిగుతుంది, నీరు పదో వంతుకి ఇంకాక ఉప్పు గింజకడుతుంది, మెగ్నీషియం ఉప్పులు చివరిదాకా నీళ్లలోనే ఉండిపోతాయి. పట్టీలో ఉప్పు పీకు 31.7 దగ్గర, జిప్సం 11.6 దగ్గర. అందుకని ఈ నమూనాకి స్కాన్ 10 నుంచి మొదలెట్టమనాలి, 20 నుంచి తీస్తే జిప్సం ప్రధాన పీకు జారిపోతుంది. 26.6 దగ్గర ఏదైనా కనిపిస్తే అది క్వార్ట్జ్, ఇసుకో ఒండ్రో కలిసిందన్నమాట. ఈ ఉప్పుని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టకండి, జిప్సంలోని నీరు పోయి పీకులు మారిపోతాయి. 40 దాటకుండా బల్బు పెట్టెలోనే ఆరనివ్వండి.

ఎంత ఆరబెట్టినా గంటలో మళ్లీ చెమరుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం తేమ చాలు, మన దగ్గర మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా గాలిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఉప్పుబస్తా కింద నేల ఎప్పుడూ తడే. చెమర్చిన పొడి పళ్లెంలో ఉబ్బి ఎత్తు మారిపోతుంది కాబట్టి, ఈ నమూనాని ఆపరేటర్ ఖాళీగా ఉన్నప్పుడు అక్కడికక్కడే నూరి, వెంటనే పెట్టించండి.